తెర ఆరినా ఆగని డిటెక్టర్: ఫ్యూజ్ బాక్స్ నుంచి కరెంటు తీసిన ఒక కారు కేసు

కారు 2019 మోడల్ జపాన్ సెడాన్. యజమాని డాలస్ శివారు ఫ్రిస్కోలో ఉండే తెలుగాయన. ఉద్యోగరీత్యా ఐ-45 హైవే మీద హ్యూస్టన్‌కు తరచూ వెళ్లి వస్తుంటారు. రోజూ నడిపినంతకాలం కారుకు ఏ ఇబ్బందీ లేదు, నాలుగైదు రోజులు కదపకుండా ఉంచితే మాత్రం స్టార్టు కాదు అన్నది ఫిర్యాదు. మొదటిసారి ఇండియా వెళ్లి వచ్చినప్పుడు ఇలా జరిగింది. అన్ని వారాలు నిలిపితే ఏ కారైనా అంతేనని ఎవరో చెబితే బ్యాటరీ మార్పించుకున్నారు. కొత్త బ్యాటరీతోనూ ఒక లాంగ్ వీకెండ్ తరవాత అదే పరిస్థితి. మళ్లీ బ్యాటరీ మార్చమనే సలహా వచ్చాక కారు నా దగ్గరికి వచ్చింది.

నేను డాలస్ ప్రాంతంలో కార్లకు ఆడియో, కెమెరాలు, రాడార్ డిటెక్టర్లు బిగించే పని చేస్తాను. ఇటువంటి ఫిర్యాదు విన్నప్పుడు బ్యాటరీ కంటే ముందు నేను అడిగేది, కంపెనీ నుంచి వచ్చాక కారులో ఏమేమి బిగించారని. అద్దం పక్కన రాడార్ డిటెక్టర్ ఉందన్నారు. వెంటనే, "అది కాదులెండి, కారు ఆపాక ఎప్పుడు చూసినా దాని తెర ఆరిపోయే ఉంటుంది" అన్నారు. ఈ మాట విన్నవారెవరూ ఇంతకాలం దాని జోలికి వెళ్లలేదు.

డిటెక్టర్ అలవాటు లేని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. అమెరికాలో పోలీసులు వేగం కొలిచే రాడార్ గన్నులు ఎక్కువగా 24 గిగాహెర్ట్జ్ దగ్గరి కె బ్యాండులోనూ, 33.4 నుంచి 36 గిగాహెర్ట్జ్ దాకా ఉన్న కెఎ బ్యాండులోనూ పనిచేస్తాయి. ఆ తరంగాలను దూరం నుంచే పసిగట్టి డ్రైవరును హెచ్చరించే రిసీవరే డిటెక్టర్. టెక్సస్‌లో సొంత కారులో వాడుకోవచ్చు. వర్జీనియాలోనూ వాషింగ్టన్ డీసీలోనూ నిషేధం. 10,000 పౌండ్లు దాటిన వాణిజ్య వాహనాలలో 1994 నుంచి దేశమంతటా నిషేధం. కాలిఫోర్నియా, మిన్నెసోటాలలో విండ్‌షీల్డ్ మీద ఏది అతికించాలన్నా ఆంక్షలు ఉన్నాయి. ఇది ఉంది కదా అని వేగం పెంచవద్దని బిగించిన ప్రతి కారు యజమానికీ చెబుతాను. ముందున్న పోలీసు మీట నొక్కిన క్షణంలోనే రాడార్ వెలువడితే, హెచ్చరిక వినబడేసరికే వేగం నమోదైపోతుంది.

చాలామంది దీన్ని సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చుకుంటారు. తీగ డాష్‌బోర్డు మీదుగా వేలాడుతుంది, సాకెట్ మరి దేనికీ పనికిరాకుండా పోతుంది. అందుకే ఫ్యూజ్ బాక్స్‌లో ఒక ఫ్యూజు తీసి, ఆ గాడిలో ట్యాప్ (పాత ఫ్యూజుతో పాటు కొత్త పరికరపు ఫ్యూజునూ పట్టి ఉంచే ముక్క) గుచ్చి, దాని తీగను లోపలి నుంచి అద్దం దాకా నడపడం వాడుకలోకి వచ్చింది. ఈ కారులోనూ ఎవరో అలాగే చేసి ఇచ్చారు.

బానెట్ తెరిచి, డ్రైవరు తలుపు తెరిచి, రెండింటి లాచ్‌లనూ స్క్రూడ్రైవరుతో మూసిన స్థితికి తిప్పాను. అలా చేస్తే అన్నీ మూసి ఉన్నాయని కారు అనుకుంటుంది, నేను మాత్రం ఫ్యూజ్ బాక్స్ దగ్గర కూర్చుని పని చేసుకోవచ్చు. స్మార్ట్ కీని షాపు రెండో చివర పెట్టించాను. అది దగ్గరగా ఉంటే కారు మాటిమాటికీ మేలుకుంటుంది. బ్యాటరీ నెగటివ్ కేబులు చుట్టూ డీసీ క్లాంప్ మీటరు (తీగ తెంచకుండానే కరెంటు కొలిచేది) వేసి వదిలేశాను.

తొందరపడేవారు తప్పు చేసేది ఇక్కడే. తాళం వేసిన మొదటి నిమిషాలలో ఆధునిక కారు కొన్ని ఆంపియర్ల దాకా లాగుతుంది. లోపలి కంప్యూటర్లు ఒకటొకటిగా స్లీప్‌లోకి వెళ్లడానికి అరగంట, కొన్ని కార్లలో ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ లోపు ఎంత చూపినా అది జవాబు కాదు. ఈ కారు అరగంట దాటాక 0.33 ఆంపియర్ దగ్గర స్థిరపడి అక్కడే నిలిచిపోయింది. ఆరోగ్యంగా ఉన్న కారు 0.05 ఆంపియర్ లోపే ఉండాలి.

లెక్క వేస్తే ఫిర్యాదు మొత్తం ఇందులో ఇమిడిపోతుంది. 0.33 ఆంపియర్ చొప్పున 24 గంటలకు దాదాపు 8 ఆంపియర్-అవర్. బ్యాటరీ సామర్థ్యం సుమారు 50 ఆంపియర్-అవర్. నాలుగు రోజులకు 32 పోతాయి. మిగిలినదానితో, అందులోనూ టెక్సస్ ఎండకు అలసిన బ్యాటరీతో, ఇంజను తిరగదు. రోజూ హైవే మీద నడిపితే ఆల్టర్నేటరు ఆ లోటును పూడుస్తూ వస్తుంది, కాబట్టి సమస్య కనబడదు.

కరెంటు ఎటు పోతోందో తెలుసుకోవడానికి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం పాత పద్ధతి. ఆ పని చేస్తే పీకి పెట్టే ప్రతిసారీ ఏదో ఒక కంప్యూటరు మేలుకుంటుంది, మళ్లీ అరగంట ఆగాలి. ఫ్యూజును కదపకుండా, దాని నెత్తిన కనబడే రెండు లోహపు చుక్కల మీద మీటరు మొనలు ఆనించి మిల్లీవోల్టులలో చదవడం మేలు. ఫ్యూజుకు స్వల్పంగానైనా నిరోధం ఉంటుంది, కరెంటు పారుతుంటే ఆ రెండు చుక్కల మధ్య చిన్న తేడా కనబడుతుంది. లోపలి ఫ్యూజ్ బాక్సులో దాదాపు అన్నీ సున్నా చూపాయి. ట్యాప్ గుచ్చిన చోట మాత్రం తేడా కనబడింది. ఆ ట్యాప్ పైన డిటెక్టర్‌కు పెట్టిన ఫ్యూజు ఒక్కటీ తీశాను. క్లాంప్ మీటరు 0.03కు దిగింది.

ఫ్యూజు తిరిగి పెట్టి యజమానిని పిలిచాను. కారు ఆపి ఉంది, డిటెక్టర్ తెర నల్లగా ఉంది. వాల్యూమ్ మీట నొక్కమన్నాను. ఆయన నొక్కగానే డిటెక్టర్ మాట్లాడింది. రాత్రిపూట అద్దంలో దాని వెలుగు కళ్లకు కొడుతోందని ఆయనే తెర ఆర్పే సెట్టింగు పెట్టుకున్నారు, తరవాత మరిచిపోయారు. ఆ సెట్టింగులో తెర మాత్రమే ఆరుతుంది, రిసీవరు పగలూ రాత్రీ పని చేస్తూనే ఉంటుంది.

ట్యాప్ తీసి చూసిన తరవాత ఒక్క లోపం కాదు, నాలుగు బయటపడ్డాయి.

మొదటిది ఫ్యూజు ఎంపిక. మూత మీది పటంలో అది పవర్ ఔట్‌లెట్ ఫ్యూజు. ఔట్‌లెట్ అంటే తాళంతో (ఇగ్నిషన్‌తో) పాటు ఆగిపోతుందని బిగించినవారు అనుకుని ఉండాలి. ఈ కారులో ఔట్‌లెట్లు రెండు. డాష్‌బోర్డు మీదిది తాళంతో ఆగిపోతుంది, ముందు సీట్ల మధ్యనున్న పెట్టెలోనిది ఎప్పుడూ బతికే ఉంటుంది. ట్యాప్ గుచ్చింది రెండోదానికి. చాలా కార్లలో ఇలా ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటాయి, పటంలో పేర్లు మాత్రం ఇంచుమించు ఒకేలా కనబడతాయి. పేరు చూసి ఫ్యూజు ఎంచుకోకూడదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

రెండోది ట్యాప్ తిరగబడటం. ఇది వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తిరగబడినా అంతా పని చేస్తున్నట్టే ఉంటుంది. ఫ్యూజు తీశాక గాడిలో రెండు టెర్మినళ్లు ఉంటాయి. ఒకదానికి బ్యాటరీ వైపు నుంచి 12 వోల్టులు వస్తాయి, రెండోది పరికరం వైపు వెళుతుంది. ట్యాప్‌కూ రెండు కాళ్లు ఉంటాయి. ఒక కాలు ఇద్దరికీ ఉమ్మడి: పాత ఫ్యూజుకూ కొత్త ఫ్యూజుకూ రెండింటికీ తగులుతుంది. రెండోది పాత ఫ్యూజు అవతలి కొసకు మాత్రమే. ఉమ్మడి కాలు 12 వోల్టుల వైపు పడితే కరెంటు అక్కడే రెండుగా చీలి, ఎవరి ఫ్యూజు గుండా వారికి వెళుతుంది. తిరగబెడితే కొత్త పరికరపు కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే రావాలి. పాతది కాలిపోతే రెండూ చచ్చిపోతాయి.

ఈ కారులో అదే జరిగిందని ఆయన మాటలలోనే తెలిసింది. ఒకసారి టైర్లలో గాలి కొట్టే పంపును ఆ సాకెట్లో పెడితే ఫ్యూజు పోయింది, దానితో పాటు డిటెక్టరూ ఆగింది. ఎవరో ఫ్యూజు మార్చి ఇచ్చారు. పటంలో అక్కడ ఉండవలసింది 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు, నేను తీసింది 20 ఆంపియర్ల పసుపుది. పంపు ఎక్కువ లాగినందుకు పోయిన ఫ్యూజు తన పని తాను చేసింది. దాని స్థానంలో పెద్దది పెడితే, 15 ఆంపియర్లకు లెక్కగట్టి వేసిన ఫ్యాక్టరీ తీగ 20 దాకా భరించాల్సి వస్తుంది. ఈ కారులో బ్యాటరీ ఖాళీ కావడం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ పసుపు ఫ్యూజే.

మూడోది కూడా ఫ్యూజు సంగతే. డిటెక్టర్ కోసం ట్యాప్ పైన పెట్టింది 10 ఆంపియర్ల ఎర్రది. ట్యాప్‌తో పాటు సంచిలో వచ్చిందే పెట్టేశారేమో. ఫ్యూజు ఉండేది తీగను కాపాడటానికి. డిటెక్టర్‌కు వెళ్లే తీగ టెలిఫోన్ తీగంత సన్నగా ఉంటుంది. లోహపు అంచుకు రాసుకుని దాని తొడుగు ఊడి, మధ్యలో ఎక్కడైనా బాడీకి తగిలితే 10 ఆంపియర్ల ఫ్యూజు పోయేలోపు ఆ తీగ వేడెక్కి కరగవచ్చు, అదీ పైకప్పు గుడ్డ వెనక. మూడో వంతు ఆంపియర్ లాగే పరికరానికి 2 ఆంపియర్ల బూడిద రంగు ఫ్యూజు చాలు.

నాలుగోది తీగ దారి. విండ్‌షీల్డ్ పక్కన ఉండే ఏ-పిల్లర్ తొడుగును తీయకుండా, దాని అంచులోకి తీగను నెట్టారు. లోపల అది కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (పక్క కిటికీల మీదుగా తెరలా దిగేది) ముందు నుంచి అడ్డంగా పోతోంది. ప్రమాదంలో ఆ బ్యాగు క్షణంలో చిన్న భాగం సమయంలో విచ్చుకుంటుంది. ముందు తీగ ఉంటే దానికి అడ్డు తగులుతుంది, లేదా ఆ తీగనూ తొడుగునూ మనిషి ముఖం మీదికి విసురుతుంది. దీనిపై నేను వాదనకు కూడా సిద్ధపడను. పిల్లర్ తొడుగు తీయడం రాకపోతే సాకెట్లో గుచ్చుకుని వాడుకోవడమే మేలు.

గ్రౌండ్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే కనెక్షను) కూడా బాగాలేదు. ప్లాస్టిక్ బ్రాకెట్‌ను పట్టి ఉంచే, రంగు పూసిన బోల్టు కింద పెట్టారు. డిటెక్టర్ నడుస్తుండగా ఆ బోల్టుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.4 వోల్టు తేడా వచ్చింది. గతుకుల రోడ్డు మీద డిటెక్టర్ అప్పుడప్పుడు తనంతట తానే రీస్టార్టు అవుతోందని ఆయన మామూలుగా చెప్పిన మాటకు మూలం అదే.

కొత్త ఫ్యూజు ఎంపికలో ముందు ముట్టకూడనివి పక్కన పెట్టాను: ఎయిర్‌బ్యాగులు, బ్రేకుల ఏబీఎస్, స్టీరింగ్, ఇంజను కంప్యూటర్, ఇంధన పంపు, హెడ్‌లైట్లు. మిగిలినవాటిలో సన్‌రూఫ్, డాష్‌బోర్డు ముందరి ఔట్‌లెట్, సీట్లు వేడిచేసే సర్క్యూట్ అనువుగా కనిపించాయి. ప్రతిదాన్నీ ఇగ్నిషన్ వేసి, ఇంజను ఆపి, తలుపు తెరిచి, లాక్ చేసి, స్లీప్ వేళ దాటాక, దూరం నుంచి కీతో అన్‌లాక్ చేసి, రిమోట్ స్టార్టుతో, ఇలా అన్ని స్థితులలోనూ కొలిచాను. సన్‌రూఫ్ సర్క్యూట్ ఇంజను ఆపాక కూడా తలుపు తెరిచేదాకా బతికి ఉంటుంది, అది పెద్ద ఇబ్బంది కాదు. కానీ కీతో అన్‌లాక్ చేసిన ప్రతిసారీ కాసేపు మేలుకుంటోంది. ముందరి ఔట్‌లెట్ మాత్రం తాళంతో వచ్చి తాళంతో పోతోంది, ఏ అర్ధరాత్రీ లేవడం లేదు. దాన్నే తీసుకున్నాను.

కొలిచేటప్పుడు మల్టీమీటరును మాత్రమే నమ్మలేదు. ఎలక్ట్రానిక్ స్విచ్చు ఉన్న సర్క్యూట్ ఆగిపోయినా మీటరు కొంత వోల్టేజి చూపించడం ఉంటుంది, నిజంగా కరెంటు ఇవ్వలేని దొంగ వోల్టేజి అది. ఎంచుకున్న గాడి మీద చిన్న బల్బు పెట్టి చూశాను. ఎయిర్‌బ్యాగ్ తీగల దగ్గర మాత్రం బల్బు పరీక్ష ఎన్నడూ చేయకూడదు.

అద్దం నుంచే కరెంటు తీసుకోవచ్చు కదా అని అడుగుతారు. రాత్రిపూట తనంతట తానే మసకబారే అద్దం ఉన్న కార్లలో అక్కడ 12 వోల్టులు ఉంటాయి, పిల్లర్ జోలికి పోనక్కరలేదు. నేనూ చాలా కార్లలో అదే ఇష్టపడతాను. ఈ కారులో ఆ లైను లేన్ కెమెరాతో కలిసి ఉంది. భద్రతకు సంబంధించిన కెమెరా లైనులో వేలు పెట్టడం నాకు సమ్మతం కాలేదు.

పని ఇలా సాగింది. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో నిల్వ ఉన్న కరెంటు తగ్గేదాకా, సర్వీసు మాన్యువల్ చెప్పిన సమయానికి తక్కువ కాకుండా ఆగాను. పిల్లర్ తొడుగు తీశాను. ఈ కారులో తొడుగు క్లిప్పు ఒకసారి వాడి పారేసే రకం, ప్రమాదంలో తొడుగు ఎగిరిపోకుండా పట్టి ఉంచేది అదే. కాబట్టి కొత్తది తెప్పించి పెట్టాను. తీగను ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచి, ఫ్యాక్టరీ తీగల కట్ట వెంబడి నడిపి, గుడ్డ టేపుతో ఆ కట్టకే చుట్టాను. ఎయిర్‌బ్యాగ్‌కు ఏదీ కట్టలేదు.

ట్యాప్‌లో పై ఫ్యూజు ఒక్కటే ఉంచి, తీగకూ కాళ్లకూ మధ్య కంటిన్యుటీ (కరెంటు పారే దారి ఉందా లేదా అన్నది) మీటరుతో చూస్తే ఉమ్మడి కాలు ఏదో తెలిసిపోతుంది. ప్యాకెట్ మీది బొమ్మ కంటే ఇది నమ్మదగినది. దాన్ని 12 వోల్టుల వైపు పెట్టాను. ఈ బాక్సుకు సరిపోయేది పొట్టి మినీ రకం. పాత ట్యాప్ పొడుగు మినీ రకం కావడంతో మూత సరిగా మూసుకోవడం లేదు. ట్యాపులు కొనేవారు పాత ఫ్యూజును చేతిలో పట్టుకెళ్లి పోల్చుకోవాలి. సరిపడని కాలును బలవంతంగా దించితే గాడిలోని పట్టు వదులై, తరవాత అక్కడే వేడి పుడుతుంది.

ట్యాప్ తీగ లావు, డిటెక్టర్ తీగ సన్నం. రెండింటినీ ఒకే కనెక్టరులో నొక్కితే సన్నది జారిపోతుంది. తొడుగు ఎక్కువ పొడవు తీసి, లోపలి పోగులను రెండు మడతలు పెట్టి నొక్కాను, లాగి చూసి, హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం) వేశాను. గ్రౌండ్‌ను కాళ్ల దగ్గరి ప్యానెల్ వెనక ఉన్న ఫ్యాక్టరీ గ్రౌండ్ బోల్టుకు మార్చాను. నడుస్తుండగా తేడా కొన్ని మిల్లీవోల్టులకు దిగింది. పాత గాడిలో 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు పెట్టాను.

డిటెక్టర్‌కు తగిలించే ముందు ప్లగ్ కొసన పోలారిటీ (ఏ పిన్ను ప్లస్, ఏది మైనస్ అన్నది) కొలిచాను. ఈ ప్లగ్గులు చూడటానికి టెలిఫోన్ ప్లగ్గుల్లాగే ఉంటాయి, ఒకదానిది మరొకదానిలో ఇట్టే పడుతుంది, కానీ లోపలి పిన్నుల వరస అన్ని కంపెనీలకూ ఒకటే ఉండాలని లేదు. పాత డిటెక్టర్ తీగ మిగిలి ఉంది కదా అని కొత్త కంపెనీ డిటెక్టర్‌కు తగిలించేవారు ఈ కొలత మానకూడదు.

మళ్లీ లాచ్‌లు మూసి, కీ దూరంగా పెట్టి, క్లాంప్ మీటరు వేశాను. స్లీప్ వేళ దాటాక 0.03. తెర ఆర్పే సెట్టింగు అలాగే ఉంచి, వాల్యూమ్ మీట నొక్కాను. డిటెక్టర్ పలకలేదు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని ఆ రాత్రి నెమ్మది చార్జరు మీద ఉంచాను. మర్నాడు పరీక్షలో దాని కోల్డ్ క్రాంకింగ్ సామర్థ్యం, అంటే చలిలోనూ ఇంజను తిప్పగలిగే శక్తి, బ్యాటరీ మీద రాసినదానికంటే కొంత తక్కువే వచ్చింది. అలా ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా కోలుకోదు. ఇప్పటికి మార్చనక్కరలేదనీ, తరవాతి వేసవి దాటుతుందని మాత్రం హామీ ఇవ్వలేననీ ఆయనకు చెప్పాను.

ఆయన కుమార్తె వర్జీనియాలో చదువుతోంది, సెలవులకు కారులోనే వెళతారు. అక్కడ డిటెక్టర్ కారులో అమర్చి ఉంటేనే నేరం, మీట ఆపితే సరిపోదు. అందుకే తీగను డిటెక్టర్‌లోకి శాశ్వతంగా కలపకుండా, అద్దం వెనక చేతితో ఊడదీయగలిగే ప్లగ్ దగ్గర ఆపాను. రాష్ట్ర సరిహద్దుకు ముందే డిటెక్టర్‌ను బ్రాకెట్‌తో సహా తీసి డిక్కీలో, చేతికి అందని చోట పెట్టమన్నాను. ఏ గాడిలో ట్యాప్ ఉంది, ఏ రంగు ఫ్యూజు ఉండాలి, దానికంటే పెద్దది పెట్టవద్దు అన్న మాటలు చీటీ మీద రాసి ఫ్యూజ్ బాక్స్ మూత లోపల అతికించాను.

కారు తీసుకునేటప్పుడు ఆయన, హైదరాబాద్‌లో వాళ్ల తమ్ముడు డ్యాష్‌క్యామ్ పెట్టించుకున్నాడనీ, దీనికీ అదే ట్యాప్ నుంచి ఒకటి పెట్టవచ్చా అనీ అడిగారు. పెట్టకూడదు. నిలిపి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసే కెమెరాకు తాళంతో ఆగే లైను ఒకటి, ఎప్పుడూ బతికి ఉండే లైను ఒకటి, రెండూ కావాలి. బ్యాటరీ వోల్టేజి తగ్గగానే తనంతట తాను తెగిపోయే కిట్ కావాలి. దానికి వేరే గాడి, వేరే ట్యాప్, వేరే ఫ్యూజు. ఆ కిట్‌లో తెగే వోల్టేజిని 12.2కు తక్కువ పెట్టవద్దని కూడా చెప్పాను, అప్పటికే బ్యాటరీ దాదాపు సగం ఖాళీ అయి ఉంటుంది. ఆ పనికి తరవాత తేదీ ఇచ్చాను.